మేడమ్ అనే రచయిత

మంగళవారం. నీరు: నిలకడ. గాలి: పడమర, తక్కువ.

విశేషాలు: నా భార్య ఈ రోజు పోయింది.

ఉదయం రెండు ఇడ్లీలు తింది. పచ్చడిలో ఉప్పు ఎక్కువైందని అంది. నేను ఇంటి కిందికి దిగి, ఇల్లు తేలే పీపాలకు పట్టిన నత్తలు గీకుతున్నాను. పైన ఆమె ఎవరో విద్యార్థితో ఫోన్లో మాట్లాడుతోంది. అతని పత్రంలో లెక్క ఎక్కడో తప్పిందట. తొందరేమీ లేదు, మళ్లీ చెయ్యమని చెప్పింది. మధ్యాహ్నం అన్నానికి పిలిచాను. కాసేపాగి తింటానని వరండాలో కూర్చుంది. నేను కొలబద్ద దగ్గరికి వెళ్లి నీటి మట్టం చూసి వచ్చేసరికి తల ఒక పక్కకి వాలి ఉంది. కళ్లజోడు ఒళ్లో పడి ఉంది. మా ఇంటిని ఆనుకునే ఆరోగ్య కేంద్రం తేలుతుంది. అక్కడి నర్సు సలోమి పరిగెత్తుకొచ్చి నాడి చూసింది. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. గుండె, అంది.

అన్నం, బీరకాయ కూర గిన్నెల్లో అలాగే ఉన్నాయి.

నీటి లెక్క రాసే ఈ పుస్తకంలో, విశేషాల గడిలో తుపాను గాలి, చేపలు చావడం, పడవ ప్రమాదాలు రాయాలి. ఇంటి సంగతులు రాయమని లేదు. రాయొద్దని కూడా లేదు. కొల్లేటి నీరు కొలిచేవాడి విశేషాలు పై ఆఫీసులో ఎవరూ చదవరు. అందుకని రాశాను.


శుక్రవారం. నీరు: జానెడు పెరిగింది. గాలి: నైరుతి.

విశేషాలు: పెద్దకర్మ అయింది. బంధువులు ఒక్కొక్క పడవే ఎక్కి వెళ్లిపోయారు. సముద్రం కొల్లేట్లో కలిసినప్పటి నుంచి మా వాళ్లంతా చెల్లాచెదురయ్యారు. చావుకి తప్ప కలవరు.

ఉదయం ఇంటి కప్పు ఎక్కి సోలార్ ప్యానెళ్ల మీది గూడబాతుల రెట్ట కడిగాను. ఈ పది రోజులూ ఎవరూ కడగలేదు. దీపాలు మసగ్గా వెలుగుతున్నాయని వచ్చినవాళ్లు దుఃఖం వల్ల అనుకున్నారు.

తర్వాత కేంద్రానికి వెళ్లి మరణం నమోదు చేయించాను. అక్కడ గోడకి మాట్లాడే వైద్య పలక ఉంటుంది. రోగికి ఏముందో తేల్చేది సలోమి కాదు, పలక. అది ప్రశ్నలు అడుగుతుంది, సలోమి జవాబులు చెబుతుంది, పలక మందుల పెట్టె తెరుస్తుంది. ఏలూరులోనూ అంతే, ఏ పేటలోనైనా అంతే.

నేను వివరాలు చెప్పాను. పలక మర్యాదగా మాట్లాడింది.

"డాక్టర్ సైదు తారామణి. అంటువ్యాధుల పరిశోధకురాలు. పత్రాలు పదకొండు. అవి సమీక్షకు వెళ్తున్నాయి. మా సానుభూతి."

"పదకొండేనా?" అంది సలోమి. "అంత చదువు చదివి పదకొండేనా బాబాయ్ గారూ?"

"ఆవిడ నిదానం," అన్నాను.

ఆమెతో చేరినవాళ్లు ఏడాదికి పది రాసేవారు. ఈమె పడవేసుకుని ఇంటింటికీ తిరిగేది. ఒక మాట రాయడానికి నాలుగేళ్లు తిరిగేది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఇవాళ ఏమీ తేలలేదండీ," అనేది. సంతోషంగానే అనేది.


ఆదివారం. నీరు: పెరుగుతోంది. వాన.

విశేషాలు: సలోమి పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పట్టుకొచ్చింది. కూర్చోలేదు.

"బాబాయ్ గారూ, మేడమ్ గారి ప్రశ్న పోయిందండీ."

"ఏ ప్రశ్న?"

"మాపు జ్వరం ప్రశ్నండీ. మొదటిసారా, రెండోసారా అనీ. నిన్న మంగాయమ్మ వచ్చింది, మనవణ్ణి చంకనేసుకుని. ఒళ్లు నొప్పులా అనడిగింది పలక, వాంతులా అనడిగింది, ఇంక తెల్లబిళ్ల ఇచ్చెయ్యమని పెట్టె తెరిచేసింది. ఆ ప్రశ్న అడగలేదండీ!"

"ఇచ్చావా?"

"అయ్ బాబోయ్, ఎలా ఇస్తానండీ? పోయినేడు వానల్లో వాడికి వచ్చి తగ్గింది కదా, నాకు తెలుసు. పలకతో పేచీ పెట్టుకుని ఎర్ర మందు తీయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చిందండి. నామీద ఒక తప్పు కూడా రాసుకుంది."

పొద్దువాలే వేళకి వస్తుంది కాబట్టి దాన్ని మాపు జ్వరం అంటారు. ఉప్పునీరు లోపలికి వచ్చాక పుట్టిన జ్వరం. మొదటిసారి వస్తే తెల్లబిళ్లతో తగ్గిపోతుంది. రెండోసారి వచ్చినప్పుడు అదే బిళ్ల వేస్తే మూత్రపిండాలు ఆగిపోతాయి, పిల్లల్లో మరీను. దానికి ఎర్ర మందే వెయ్యాలి. చూడ్డానికి రెండు జ్వరాలూ ఒకటే. పరీక్షల్లోనూ ఒకటే. అడిగితేనే తెలుస్తుంది. నా భార్య తన జీవితంలో కనిపెట్టింది ఆ ఒక్క ప్రశ్న. ఆమె పత్రం వల్లనే పలక దాన్ని అడిగేది.

"పలక చెడిపోయి ఉంటుంది," అన్నాను.

"మా అక్క కూతురు నర్సుగా చేసే చోట కూడా అడగట్లేదండి," అంది సలోమి.

వానలు ఇప్పుడే మొదలయ్యాయి. ఈ జ్వరానికి ఇదే కాలం.


సోమవారం. నీరు: పెరుగుతోంది. వాన.

విశేషాలు: సూచికకు ఫోన్ చేశాను. ఏ పలక ఏ పత్రాన్ని నమ్మాలో చెప్పేది సూచిక. అదీ మనిషి కాదు. కాకపోతే విసుక్కోదు.

విషయం ఇది. పత్రం రాసినవారు బతికున్నంతకాలం, ఏటా ఒకసారి, "నా మాటకు నేనే పూచీ," అని చెబితే చాలు. పోయాక ఇతరుల ప్రస్తావనలే పూచీ. ఎందరు ఆ పత్రాన్ని పేర్కొంటూ తమ పత్రాలు రాశారో లెక్కిస్తారు. కనీసం నలభై ఉండాలి. లేకపోతే పత్రం నిద్రకు వెళ్తుంది. పలకలు దాన్ని చూడవు.

"మాపు జ్వరం పత్రానికి మూడు ప్రస్తావనలు ఉన్నాయి," అంది సూచిక.

"ఈ తీరంలో ఆ జ్వరం మీద రాసిన ప్రతివాడూ ఆవిడ దగ్గర చదువుకున్నవాడే," అన్నాను.

"ఆ పత్రాలన్నీ చూశాను. వాటిలో సైదు తారామణి పేరు లేదు."

"మరి ఎవరి పేరుంది?"

"మేడమ్ అనే రచయిత పేరుంది. మాపు జ్వరం విషయంలో అందరికంటే ఎక్కువ ప్రస్తావనలు వారివే. రెండు వందల పైచిలుకు. అయితే వారు రాసిన పత్రం ఒక్కటి కూడా నా దగ్గర లేదు. వారెవరో మీకు తెలుసా? చాలాకాలంగా వెతుకుతున్నాను."

ఫోన్ పెట్టేశాను. నవ్వొచ్చింది. ఈ సంగతి చెబుదామని లోపలి గదిలోకి వెళ్లాను. గది మధ్యలోకి వెళ్లాక ఆగాను.


మంగళవారం. నీరు: పెరుగుతోంది.

విశేషాలు: పిలుపు ధ్రువీకరణ అని ఒకటుందట. ఒకే మనిషికి రెండు పేర్లున్నాయని దగ్గరివాళ్లు సాక్ష్యం చెప్పవచ్చు. కేంద్రంలో పలక ముందు కూర్చున్నాను. సలోమి పక్కన నిలబడింది.

"మీరు ఆవిడను మేడమ్ అని పిలిచేవారా?" అని పలకలోంచి అడిగింది సూచిక.

"లేదు."

"తారామణి అని?"

"లేదు."

"మరి ఏమని పిలిచేవారు?"

"ఇదిగో అని," అన్నాను. "ఒక్కోసారి, ఏమోయ్ అని."

"ఇదిగో అనే రచయిత పేరు మీద పత్రాలేవీ లేవు," అంది సూచిక.

సలోమికి నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ వచ్చింది. ఆవిడ నన్ను 'ఏవండీ' అనేది. ఆ పేరు మీద వెతికితే రాష్ట్రంలో సగం మంది మగవాళ్లు దొరుకుతారు.

నా సాక్ష్యం చెల్లదు. ఆ రెండు పేర్లతోనూ పిలిచినవాళ్లే చెప్పాలి; నేను రెండూ వాడలేదు, సలోమి, విద్యార్థులు మేడమ్ ఒక్కటే వాడారు. ఇక మిగిలిన దారి ఒక్కటే. మేడమ్ అని రాసిన వాళ్లే తమ పాత పత్రాలు తెరిచి అసలు పేరు రాయాలి.


బుధవారం. నీరు: నిలకడ.

విశేషాలు: డాక్టర్ ఫణీంద్రకు ఫోన్ చేశాను. నా భార్యకు మొదటి విద్యార్థి. ఇప్పుడు విశాఖలో పెద్ద పరిశోధనా కేంద్రంలో ఉన్నాడు. రోడ్డు మునిగి ఉండడం వల్ల కర్మకు రాలేకపోయాడు. ముందు దానికి క్షమాపణ చెప్పాడు. తర్వాత విషయం చెప్పాను.

అటువైపు తలుపు మూస్తున్న చప్పుడు వినబడింది.

"పేరు పెట్టి ఎలా రాస్తాం సార్?" అన్నాడు. "తారామణి ఇలా చెప్పింది, తారామణి అలా చూపింది అని రాయమంటారా? మా అమ్మ వింటే చెవి మెలేసేది."

"అందరూ అలాగే అనుకున్నారా?"

"మొదట రాసింది నేనే సార్. 'మేడమ్ పద్ధతి ప్రకారం' అని. నన్ను చూసి నా తర్వాతవాళ్లు. వాళ్లని చూసి వాళ్ల విద్యార్థులు. మేడమ్ పద్ధతి అంటే ఇక్కడ అందరికీ తెలుసు కదండీ."

"సూచికకు తెలియదు."

"దానికి మర్యాద ఎవరు నేర్పుతారు సార్," అని నవ్వబోయి ఆగిపోయాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. పాత పత్రం తెరిస్తే అదీ కొత్తగా సమీక్షకు వెళ్తుంది. అది తేలేవరకు దానికి వచ్చిన పేరంతా సున్నా. అతని పత్రాలన్నిట్లోకీ పెద్దది ఆవిడ పని మీద కట్టినదే. వచ్చే నెలలో డైరెక్టర్ ఎంపిక ఉంది. వరుసలో ముందున్నది అతనే.

"చూస్తాను సార్," అన్నాడు.

చూస్తాను అంటే ఏమిటో నాకు తెలుసు. నేనూ సర్కారు ఉద్యోగినే.

ఆరోగ్య శాఖ పైవాళ్లకు మాత్రం ఆ రోజే రాశాడు. సాయంత్రానికి జవాబు వచ్చిందని నాకు పంపాడు. పలకలను చేత్తో మార్చడం కుదరదని ఉంది.


శనివారం. నీరు: మూరెడు పెరిగింది. గాలి: తూర్పు, ఎక్కువ.

విశేషాలు: చిగురులంక పేటలో ఆరేళ్ల పాపకు రెండోసారి మాపు జ్వరం వచ్చింది. తెల్లబిళ్ల ఇచ్చారు. మర్నాటికి మూత్రం ఆగింది. పడవలో ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. పాప పేరు నాగశ్రీ.

చిగురులంక నర్సు కొత్తది. మెట్ట ప్రాంతం నుంచి వచ్చింది. ఈ జ్వరాన్ని ఎప్పుడూ చూడలేదు.

"పలక చెప్పినట్టే చేసిందండి," అంది సలోమి. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "దాని తప్పేముందండీ పాపం. నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. అక్కా, నేను పిల్లని చంపేశానా అంటుంది. ఏం చెప్తానండీ?"

"అందరికీ ముందే నువ్వు చెప్పలేదా, ఆ ప్రశ్న అడగమని?"

"చెప్పానండి, తెలిసినోళ్లందరికీ. తెలియనోళ్లు బోలెడు మంది. చెప్పినా అడగడానికి భయం. పలక అడగని ప్రశ్న మేం రోగిని అడగకూడదండి, రూలు. అది వింటూనే ఉంటది. నాకు ఇప్పటికి రెండు తప్పులు రాసింది. మూడోది రాస్తే పెట్టె నాకు తెరుచుకోదు."

ఫణీంద్రకు సందేశం పంపాను. పాప సంగతి మాత్రమే రాశాను. వేరే ఏమీ రాయలేదు. జవాబు రాలేదు.

రాత్రికి అన్నం వండలేదు. అటుకులు నానబెట్టుకున్నాను. ఆవిడ ఉంటే ఈపాటికి ఏలూరు ఆసుపత్రికి వెళ్లి, ఆ తల్లి పక్కన బల్ల మీద కూర్చుని ఉండేది. జ్వరం ఎప్పుడొచ్చింది, అంతకుముందు ఎప్పుడొచ్చింది అని అడుగుతూ ఉండేది.


సోమవారం. నీరు: నిలకడ. గాలి తగ్గింది.

విశేషాలు: ఉదయం కొలబద్ద దగ్గర ఉండగా పడవ వచ్చింది. ఫణీంద్ర దిగాడు. తాళ్ల వంతెన అలవాటు తప్పింది, కాలు జారి మోకాలి దాకా తడిసిపోయాడు. జుట్టు నెరిసింది. మా ఇంట్లో అన్నం తిని చదువుకున్నప్పుడు బక్కగా ఉండేవాడు.

వరండాలోకి వచ్చి ఆవిడ కుర్చీ చూసి నిలబడిపోయాడు. కూర్చోమన్నాను. కింద చాప మీద కూర్చున్నాడు.

ఉప్మా పెట్టాను. తిన్నాడు.

"మేడమ్ చేసినట్టే ఉంది సార్," అన్నాడు.

"ఎప్పుడూ నేనే చేసేవాణ్ణి. ఆవిడకి ఉప్మా రాదు."

"అయ్యో, పాతికేళ్లుగా మేడమ్ ఉప్మా అని చెప్పుకుంటున్నాను అందరికీ!"

"నాకూ ప్రస్తావనలు పోయాయన్నమాట," అన్నాను. ఆవిడ పోయాక మొదటిసారి ఇద్దరు మనుషుల నవ్వు ఈ ఇంట్లో వినబడింది.

చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. తన పెద్ద పత్రం తెరిచాడు. తెరిస్తే పాత లెక్క పోతుందని సూచిక హెచ్చరించింది. సరే అన్నాడు. మేడమ్ అని ఉన్నచోట చెరిపి, డాక్టర్ సైదు తారామణి గారు అని రాశాడు.

"డాక్టర్ సైదు తారామణి గారు అనే రచయిత దొరకలేదు," అంది సూచిక.

నా వంక చూశాడు.

"గారు తీసెయ్యాలి," అన్నాను.

"డాక్టర్ తీసేస్తే ఒప్పుకోదా సార్? గారు ఉంచుకుంటాను."

"ఒప్పుకోదు."

వేలు మీట మీద పెట్టి అలాగే ఉన్నాడు. యాభై దాటిన మనిషి. అతనికి పోయే పదవి గురించి ఆ క్షణంలో అతను ఆలోచించడం లేదని నాకు అర్థమైంది.

"మేడమ్ ఏమంటారు సార్?"

"తొందరగా కానివ్వు, అన్నం వేళ అవుతోంది అంటుంది."

గారు చెరిపేశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను నీళ్ల మోటారు చూడ్డానికి కిందికి దిగాను.

మధ్యాహ్నమంతా ఫోన్లు చేశాడు. వైజాగు, కాకినాడ, నెల్లూరు. "నేను తెరిచేశాను, నువ్వూ తెరువు. గారు పెట్టకు, ఒప్పుకోదు. ఏంట్రా? భయమా? నాకు లేదా భయం? రాయి. సైదు, తారామణి. ఔను, ఉత్తిదే. ఉత్తి తారామణి. నాకు మాత్రం బాగుందనుకున్నావా?" ఒకామె అటువైపు ఏడుస్తున్నట్టుంది. ఆమెతో మెల్లగా మాట్లాడాడు.

పొద్దుగూకేసరికి నలభై దాటాయి. ఇంకా వస్తున్నాయి.

"డైరెక్టర్ సంగతి?" అని అడిగాను, పడవ ఎక్కేటప్పుడు.

"ఇంకోసారి వేస్తారు లెండి," అన్నాడు. కాస్త ఆగి, "వెయ్యకపోయినా ఫరవాలేదు," అన్నాడు. రెండో మాట అంత గట్టిగా అనలేదు.


బుధవారం. నీరు: నిలకడ. వాన తెరిపిచ్చింది.

విశేషాలు: నాగశ్రీకి మూత్రం వచ్చింది. సలోమి తాళ్ల వంతెన మీద నుంచే కేకేసి చెప్పింది. నీళ్ల మీద మూడు నాలుగు ఇళ్లవాళ్లు బయటికొచ్చి చూశారు. ఇంకా కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచుతారట. పాప జంతికలు అడిగిందట.

సూచిక నుంచి కబురు వచ్చింది. తెరిచిన పత్రాలన్నీ చేరాయి. ఒక్కొక్కటిగా సమీక్షిస్తారు. అప్పుడు ఆవిడ పత్రం నిద్ర లేస్తుంది. కార్తీకం దాటుతుందని అంచనా. అప్పటికి వానలు పోతాయి, జ్వరాల కాలం కూడా అయిపోతుంది.

"ఈలోగా వచ్చే పిల్లల మాటేంటండీ?" అంది సలోమి.

ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఆమె చింతచిగురు తెచ్చింది, ఏరుతోంది. కాసేపటికి తనే అంది.

"మేం అడగకూడదు గానీండి, రోగి తనంతట తను చెప్తే రాసుకోవాలండి. దానికో గడి ఉంది పలకలో. నాకు ఇది రెండోసారండీ అని వాళ్లే అన్నారనుకోండి, రాశామంటే తెల్లబిళ్ల పెట్టె తెరవదు. కాపోతే చెప్పాలని వాళ్లకేం తెలుసండీ? ఎవరో ఒకరు అడిగితే గదా నోట్లోంచి వచ్చేది."

"రూలు నర్సులకేనా?"

"మాకు, డాక్టర్లకీనండి."

"నీరు కొలిచేవాళ్లకి?"

చేతిలో చిగురు అలాగే పట్టుకుని నా వంక చూసింది. "అయ్ బాబోయ్," అంది. తర్వాత, "కుర్చీ పట్టుకెళ్లండి బాబాయ్ గారూ, అక్కడ కూర్చోడానికేం ఉండదు," అంది.

పై ఆఫీసుకు సెలవు చీటీ పంపాను. మధ్యాహ్నం కొలత వానలు పోయేదాకా సలోమి భర్త చూస్తాడు. అతనికి కొలబద్ద చదవడం చూపించాను. తలకిందులుగా చదివాడు. రెండోసారి సరిగ్గా చదివాడు.

రేపు ఉదయం కొలత నేనే చూసి, పడవ తీసుకుని చిగురులంకకు వెళ్తాను. ఆరోగ్య కేంద్రం గుమ్మానికి ఇవతల కూర్చుంటాను. జ్వరంతో వచ్చిన ప్రతి మనిషినీ, పిల్లను ఎత్తుకొచ్చిన ప్రతి తల్లినీ అడుగుతాను: ఇది మొదటిసారా, రెండోసారా? రెండోసారి అంటే, లోపలికి వెళ్లగానే ఆ మాట మీరే చెప్పండి అంటాను. నువ్వెవరివి, ఎవరు అడగమన్నారు అంటారు. తారామణి అని చెబుతాను.